కంటి మీద చక్కెర పూత

పొద్దున్నే ముఖం కడుక్కునేటప్పుడు కంటి మూలన వేలికి తగిలే పుసిని మనం ఆలోచించకుండా తుడిచేస్తాం. ఎండిపోతే గరుగ్గా ఉంటుంది, తడిగా ఉంటే సన్నగా సాగుతుంది. అందులో ఏముంటుందో ఎప్పుడైనా అనుకున్నారా? కంటి మీద నుంచి రాలిపోయిన పాత కణాలుంటాయి. రెప్పల అంచున ఊరే నూనె ఉంటుంది. గాలిలోంచి వచ్చి పడ్డ దుమ్ము ఉంటుంది. వీటన్నిటినీ చుట్టుకుని మూలకు చేర్చిన జిగురు ఉంటుంది. ఆ జిగురుకు జిగురుతనం ఇచ్చేవి మ్యూసిన్లు అనే మాంసకృత్తులు. పేరుకు మాంసకృత్తులే గానీ, వాటి బరువులో సగానికి పైగా చక్కెరలే ఉంటాయి. ఈ పూట మీతో చెప్పదలచుకున్నది ఆ చక్కెరల సంగతే.

చక్కెర అనగానే టీలో కలుపుకునే పంచదార గుర్తొస్తుంది, లేదా రక్తపరీక్షలో తేలే షుగరు గుర్తొస్తుంది. నేను చెప్పేవి ఆ కుటుంబానికి చెందినవే అయినా అవి కావు. గాలక్టోజ్, ఫ్యూకోజ్, ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైన్, సియాలిక్ ఆమ్లం అనేవి వీటి పేర్లు. మన కణాలు తమకు కావలసినట్టు వీటిని తామే తయారు చేసుకుని, గొలుసులుగా అల్లి, తమ ఒంటి మీద నాటుకుంటాయి. మీరు మిఠాయి తిన్నారని ఇవి పెరగవు, మానేశారని తగ్గవు.

ముందు కంటి పైభాగం ఎలా ఉంటుందో చూద్దాం. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పటలం కార్నియా. తెల్లగుడ్డును కప్పుతూ, రెప్పల లోపలి వైపుకు మడత తిరిగి వెళ్లే పలుచని తడి పొర కంజంక్టైవా. ఈ రెండింటి మీదా చర్మం లేదు. మన అరచేతి మీద, నుదుటి మీద చచ్చిన కణాల గట్టి పొర ఒకటి పేరుకుని ఉంటుంది. దానివల్లే ఎండకు, దుమ్ముకు, నీటికి తట్టుకోగలుగుతున్నాం. కంటికి ఆ వసతి లేదు. గట్టి పొర వస్తే వెలుతురు లోపలికి పోదు. అంటే ప్రాణమున్న కణాలు బయటి గాలిలో నేరుగా నిలబడాలి. కార్నియా పైపొరలో ఐదు నుంచి ఏడు వరుసల కణాలుంటాయి, మందం సుమారు 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం కూడా చాలామందిలో అంతకంటే ఎక్కువే. దాని మీద నిలిచే కన్నీటి పొర మందం 3 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఒక కంటి మీద ఏ సమయంలోనైనా ఉండే కన్నీరు మొత్తం కలిపితే ఏడెనిమిది మైక్రోలీటర్లు. మనం సీసాలోంచి వేసుకునే ఒక్క చుక్క మందు దానికి నాలుగైదు రెట్లుంటుంది. అందుకే సగానికి పైగా చెంప మీదకు కారిపోతుంది.

ఇంత తక్కువ నీరు అంత నున్నటి గుడ్డు మీద జారిపోకుండా, ముద్ద కట్టకుండా, మూల మూలకూ సమానంగా ఎలా పరుచుకుంటోంది? కణం పైతొడుగు కొవ్వుతో అల్లినది. కొవ్వు మీద నీరు నిలవదు. నా దృష్టిలో కంటి కథలో అసలు ప్రశ్న ఇదే. కళ్లు మండుతున్నాయనగానే కన్నీళ్లు తక్కువయ్యాయా, ఎక్కువయ్యాయా అని అడుగుతాం. ఉన్న కన్నీటిని పట్టి ఉంచే నేల బాగుందా అని అడగం.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కంటి పైపొర కణాన్ని చూస్తే, దాని ఉపరితలం నున్నగా ఉండదు. సన్నని గట్లు, మడతలు దట్టంగా కనిపిస్తాయి. ఆ గట్ల కొసల నుంచి మ్యూసిన్లు బయటికి పొడుచుకు వస్తాయి. శాస్త్రవేత్తలు వీటికి మక్-1, మక్-4, మక్-16 అని పేర్లు పెట్టారు. కొబ్బరి మట్ట నడిమి ఈనెకు అటూ ఇటూ ఆకులున్నట్టు, ఒక్కొక్క మ్యూసిన్‌లో నడుమ పొడవాటి మాంసకృత్తు తీగ, దాని వెంబడి రెండు పక్కలా చిన్న చిన్న చక్కెర గొలుసులు ఉంటాయి. ఒక్కో గొలుసులో రెండో మూడో నాలుగో చక్కెరలు మాత్రమే. మొదటిది తీగకు అతుక్కున్న ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైన్, దాని మీద గాలక్టోజ్, చాలాచోట్ల కొసన సియాలిక్ ఆమ్లం.

వీటిలో మక్-16 చాలా పెద్దది. వేల అమైనో ఆమ్లాల తీగ. స్త్రీలకు అండాశయ క్యాన్సరు అనుమానం వచ్చినప్పుడు సీఏ-125 అనే రక్తపరీక్ష రాస్తారు, మీలో కొందరు విని ఉంటారు. ఆ పరీక్షలో వెతికేది ఈ మక్-16నే. అదే మాంసకృత్తు మనందరి కంటి మీదా కాపలా కాస్తోంది. శరీరం ఒకే వస్తువును ఎక్కడ ఎలా వాడుకుంటుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

కొసన ఉండే సియాలిక్ ఆమ్లానికి రుణ విద్యుదావేశం ఉంటుంది. చక్కెరలకు నీటిని పట్టుకునే గుణం ఎలాగూ ఉంది. ఈ రెండూ కలిసి రెండు పనులు చేస్తాయి. ఒకటి, కన్నీటిని కణం మీద పట్టి నిలుపుతాయి. రెండు, రెప్ప లోపలి పొర మీదా ఇవే చక్కెరలు ఉంటాయి కాబట్టి, ఒకే ఆవేశం ఉన్న రెండు పొరలూ ఒకదాన్నొకటి దూరంగా నెడతాయి. నిమిషానికి పదిహేను సార్లు రెప్ప కొడతామనుకుంటే, మెలకువగా ఉన్న పదహారు గంటల్లో 14,000 సార్లకు పైగా రెప్ప కంటి మీద జారుతుంది. అంత రాపిడి జరుగుతున్నా మనకు తెలియడం లేదంటే ఈ పూత చలవే.

పాత వైద్య పుస్తకాల్లో కన్నీటిని మూడు అంతస్తులుగా చెప్పేవారు. పైన నూనె, నడుమ నీరు, అడుగున జిగురు. ఇప్పుడు ఆ లెక్క కొంత మారింది. నీరూ జిగురూ వేరువేరు అంతస్తులు కావనీ, కణానికి దగ్గరగా చిక్కగా, పైకి పోయేకొద్దీ పలుచగా కలిసిపోయి ఉంటాయనీ తేలింది. కంజంక్టైవాలో గోబ్లెట్ కణాలని ఉంటాయి. అవి మక్-5ఏసీ అనే మరో రకం మ్యూసిన్‌ను కన్నీటిలోకి వదులుతాయి. ఇది కణానికి అతుక్కుని ఉండదు. తేలుతూ తిరుగుతూ దుమ్మునూ సూక్ష్మజీవులనూ పోగుచేసి కంటి మూలకు తెస్తుంది. నేను మొదట చెప్పిన పుసి అలా తయారైనదే.

మరి ఈ చక్కెర గొలుసులు విడివిడిగా నిలబడితే సందుల్లోంచి ఏదైనా లోపలికి దూరదా? దూరుతుంది. అందుకే వాటిని ఒకదానితో ఒకటి ముడివేసే ఏర్పాటు ఉంది. గాలెక్టిన్-3 అనే మాంసకృత్తు మ్యూసిన్ల మీది గాలక్టోజ్‌లను పట్టుకుని పక్కపక్క తీగలను వలగా కట్టేస్తుంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో షెపెన్స్ నేత్ర పరిశోధన సంస్థవారు 2009లో దీన్ని చక్కగా నిరూపించారు. పెంచిన కంటి కణాల మీద లాక్టోజ్ అనే పాల చక్కెర వేస్తే, గాలెక్టిన్ దాన్ని పట్టుకునే పనిలో పడి మ్యూసిన్లను వదిలేసింది. వల ఊడగానే, అంతవరకూ లోపలికి పోని రంగు కణాల్లోకి పోయింది.

ఆ రంగు పేరు రోజ్ బెంగాల్. దీని కథ కొంచెం చెప్పాలి. స్వీడన్ వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో, కళ్లు, నోరు ఎండిపోయే జబ్బు మీద తన సిద్ధాంత గ్రంథం రాసినప్పుడు ఈ గులాబీ రంగునే వాడి కంటి దెబ్బతిన్న చోట్లను చూపించాడు. అది మొదలు దశాబ్దాల పాటు వైద్యులందరూ ఒకటే నమ్మారు. ఈ రంగు చచ్చిన కణాలకే అంటుతుందని. 1992లో వెలువడిన పరిశోధన ఆ నమ్మకాన్ని తిరగేసింది. రంగు బతికున్న ఆరోగ్యమైన కణాలకు కూడా అంటుతుంది. పైన మ్యూసిన్ పూత ఉంటేనే అంటదు. అంటే ఇన్నేళ్లూ వైద్యులు చూసిన గులాబీ చుక్కలు చావుకు గుర్తులు మాత్రమే కావు, పూత చిరిగిన చోట్లు కూడా. కణం చావక ముందే కాపలా పోయిందని చెప్పే గుర్తులన్నమాట. ఈ తేడా చిన్నదిగా అనిపించవచ్చు. రోగికి మాత్రం చాలా పెద్దది, ఎందుకంటే పూత పోయిన చోట మళ్లీ పూత వేయించే అవకాశం మిగిలి ఉంటుంది.

రోజ్ బెంగాల్ బాగా మండుతుంది కాబట్టి ఇప్పుడు ఎక్కువగా లిస్సమైన్ గ్రీన్ వాడుతున్నారు. కంటి ఆస్పత్రిలో ఈ పరీక్ష ఎలా జరుగుతుందో చెబుతాను. అరవై దాటిన ఒకావిడ వచ్చి, "కంట్లో ఇసుక పడ్డట్టుంది డాక్టరుగారూ, మధ్యాహ్నానికి మరీ ఎక్కువ" అంటుంది. డాక్టరు కొసన పచ్చరంగు పూసిన సన్నని కాగితం ముక్క తీసి, ఒక చుక్క సెలైన్‌తో తడిపి, "పైకి చూడండమ్మా" అని కింది రెప్పను వేలితో లాగి, లోపలి అంచుకు తాకించి తీసేస్తాడు. "ఇప్పుడు రెండు మూడు సార్లు రెప్ప కొట్టండి." తర్వాత గడ్డం స్టాండు మీద ఆనించి స్లిట్ లాంప్ వెలుగు వేస్తాడు. ఆరోగ్యమైన కంట్లో రంగు కన్నీటితో కలిసి కొట్టుకుపోతుంది. ఈవిడ కంట్లో తెల్లగుడ్డు మీద, ముక్కువైపూ చెవివైపూ, రెప్పలు తెరుచుకుని ఉండే మేరకు పచ్చని చుక్కలు చుక్కలుగా నిలిచిపోతాయి. ఒక్కో చుక్కా పూత పోయిన, లేదా దెబ్బతిన్న కణం.

ఈ చక్కెరలు ఇంత ముఖ్యమైతే ఇన్నాళ్లూ ఎందుకు పట్టించుకోలేదని మీరు అడగవచ్చు. మాంసకృత్తుకు నమూనా జన్యువులో రాసి ఉంటుంది, చదువుకోవచ్చు. చక్కెర గొలుసుకు అలాంటి నమూనా లేదు. కణం లోపల గాల్జీ అనే అరలో ఒక ఎంజైము ఒక చక్కెర తగిలిస్తే, మరో ఎంజైము ఇంకొకటి తగిలిస్తుంది. ఏ కణంలో ఏ ఎంజైము ఎంత ఉందో దాన్ని బట్టి గొలుసు మారిపోతుంది. అందుకే వీటి చదువు వెనకబడింది. వీటిని గుర్తుపట్టే సాధనాలు మాత్రం మన వంటింటికి దగ్గరివే. వేరుశనగ గింజలో, గోధుమ మొలకలో, పనస గింజలో లెక్టిన్లు అనే మాంసకృత్తులుంటాయి. ఒక్కో లెక్టిన్ ఒక్కో రకం చక్కెరనే పట్టుకుంటుంది. వేరుశనగ లెక్టిన్, పనస లెక్టిన్ రెండూ గాలక్టోజ్, ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైన్ జంటను పట్టుకుంటాయి, అంటే కంటి మ్యూసిన్ గొలుసు మొదలును. వీటికి మెరిసే రంగు తగిలించి కంటి పొర ముక్క మీద వేస్తే ఏ చక్కెర ఎక్కడుందో మైక్రోస్కోపులో వెలుగుతుంది. ఈ రెండు లెక్టిన్ల స్ఫటిక నిర్మాణాలనూ తేల్చింది బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎం. విజయన్ బృందం, 1990ల నడుమ. పనస లెక్టిన్ నిర్మాణం మీద పనిచేసిన రాజన్ శంకరనారాయణన్ తర్వాత హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి వచ్చారు.

ఇప్పుడు కథలో రెండో వైపు. ఏ చక్కెర కాపలా కాస్తుందో, ఆ చక్కెరే కొన్ని వైరస్‌లకు తలుపు గొళ్లెం. కళ్లకలకల్లో బాగా ముదిరి కార్నియా మీద మచ్చలు మిగిల్చే రకం ఒకటుంది. దాన్ని తెచ్చే అడినోవైరస్‌లలో 37వ రకం, కణం మీద సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకునే లోపలికి పోతుందని స్వీడన్‌లోని ఊమియో విశ్వవిద్యాలయం వారు తేల్చారు. 1969లో ఆఫ్రికాలోని ఘానాలో కళ్లు ఎర్రగా రక్తం చిమ్మే కొత్త కళ్లకలక పుట్టి ప్రపంచమంతా పాకింది. చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టిన ఏడాది కావడంతో అక్కడివాళ్లు దాన్ని అపోలో జబ్బు అన్నారు. 1971లో అది బెంగాలును చుట్టేసినప్పుడు అక్కడ జై బంగ్లా అన్నారు. ఆ జాతి కళ్లకలకలు తెచ్చే కాక్సాకీ ఏ-24 అనే వైరస్ కూడా కంటి కణాల మీది సియాలిక్ ఆమ్లాన్ని ఆసరా చేసుకుంటుంది.

పక్షుల ఫ్లూ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. సియాలిక్ ఆమ్లం గాలక్టోజ్‌కు అతుక్కోవడంలో రెండు పద్ధతులున్నాయి. పక్షుల ఫ్లూ వైరస్‌లకు నచ్చే పద్ధతి మన కంటి మీద బాగా కనిపిస్తుంది. 2003లో నెదర్లాండ్స్ కోళ్లఫారాల్లో హెచ్7ఎన్7 ఫ్లూ చెలరేగినప్పుడు 89 మందికి అది సోకినట్టు తేలితే, వారిలో 78 మందికి వచ్చింది దగ్గు కాదు, కళ్లకలక. ఒక పశువైద్యుడు మాత్రం ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. 2024లో అమెరికాలోని టెక్సాస్‌లో పాడి ఆవుల నుంచి హెచ్5ఎన్1 సోకిన కార్మికుడికి కూడా కళ్లు ఎర్రబడటమే ప్రధాన లక్షణం. కోళ్లు, పశువుల మధ్య పనిచేసేవాళ్లు మూతికి మాస్కు కట్టుకుంటే చాలదు, కళ్లకు అద్దాలు కూడా పెట్టుకోవాలి అనడానికి కారణం ఇదే.

అయితే కన్ను చేతులు ముడుచుకుని కూర్చోదు. పైకణాలు తమ మ్యూసిన్లను కత్తిరించి కన్నీటిలోకి వదులుతూ ఉంటాయి. వాటి మీద కూడా సియాలిక్ ఆమ్లమే ఉంది కదా, వైరస్ కణమనుకుని దాన్ని పట్టుకుంటుంది, పట్టుకుని దానితో పాటే కొట్టుకుపోతుంది. ఊమియో వారు ఈ కిటుకునే మందుగా మార్చాలని, ఒకేసారి మూడు సియాలిక్ ఆమ్లాలున్న అణువును తయారు చేసి అడినోవైరస్ మీద ప్రయోగించారు.

కన్నీటిలో మరో ఆయుధం ఉంది. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్, పెన్సిలిన్‌కు ఆరేళ్ల ముందు, కన్నీటిలోనూ చీమిడిలోనూ బాక్టీరియాను కరిగించే పదార్థం ఉందని ప్రకటించాడు. దాని పేరు లైసోజైమ్. పరీక్షలకు కన్నీళ్లు కావాలని తోటివాళ్ల కళ్లలో నిమ్మరసం పిండేవాడు. ఆ లైసోజైమ్ చేసే పని బాక్టీరియా గోడలోని చక్కెర గొలుసును తెంచడం. ఆ గొలుసులో ఉండే మురామిక్ ఆమ్లం మన ఒంట్లో తయారు కాదు. అందువల్ల శత్రువు గోడ కూలుతుంది, మన పూతకు గీత కూడా పడదు.

పూత బాగున్నంతసేపే ఈ ఏర్పాట్లన్నీ. వరి కోతల్లో, నూర్పిళ్లలో వడ్ల ముల్లు కంట్లో గీసుకుంటే పైపొర లేచిపోయి లోపలి కణాలు బయటపడతాయి. వాటి మీద ఉండే చక్కెరలు వేరు. మురికి నీటిలో, మట్టిలో ఉండే అకాంతమీబా అనే ఏకకణ జీవి మానోజ్ అనే చక్కెరను పట్టుకుంటుంది. గీత పడ్డ కార్నియా మీద ఆ చక్కెర దానికి ఎక్కువగా దొరుకుతుంది. విదేశాల్లో ఈ జబ్బు కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవారిది. మన దేశంలో ఎక్కువగా పొలంలో పనిచేసేవారిది, మురికి నీళ్లతో కళ్లు కడుక్కున్నవారిది. బూజు జాతి కూడా అదే గీతలోంచి లోపలికి పోతుంది. ఆ సమయంలో చనుబాలు, ఆముదం, ఆకు పసరు పోస్తే పుండు ముదురుతుంది. పల్లెల్లో ఈ అలవాటు ఇప్పటికీ పోలేదు. చెప్పాలంటే బాధగానే ఉంటుంది.

పూత లోపలి నుంచే పోయే జబ్బు ఒకటుంది, మన పెద్దవాళ్లకు బాగా తెలిసినదే. విటమిన్-ఏ లోపం. రేచీకటితో మొదలై, తెల్లగుడ్డు మీద నురగలాంటి తెల్ల మచ్చగా కనిపిస్తుంది. 1863లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడి పేరు మీద దాన్ని బీటో మచ్చ అంటారు. కంటి పైకణాలు మ్యూసిన్ తయారు చేయాలంటే విటమిన్-ఏ కావాలి. అది లేకపోతే గోబ్లెట్ కణాలు మాయమవుతాయి, మక్-4, మక్-16 తగ్గిపోతాయి, కంటి పొర చర్మంలా గట్టిపడటం మొదలవుతుంది. నీరు నిలవదు. చివరికి కార్నియా మెత్తబడి కరిగిపోతుంది. ఒకప్పుడు మన పసిపిల్లలు ఎందరో ఇలా చూపు కోల్పోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో కేంద్ర ప్రభుత్వం పిల్లలకు ఆర్నెల్లకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్-ఏ ద్రవం పట్టించే కార్యక్రమం మొదలుపెట్టింది. అంగన్‌వాడీలో, టీకాల రోజున చెంచాతో నోట్లో పోసే ఆ పసుపుపచ్చ నూనెను తల్లులు మామూలు విషయంగా తీసుకుంటారు. ఆ చెంచా వెనక ఉన్న చదువును మనం గుర్తుపెట్టుకోకపోవడం అన్యాయం. మునగాకు, తోటకూర, బొప్పాయి కూడా ఆ పూతకు ముడిసరుకే.

ఇక మందుల మాట. పొడికళ్లకు వాడే కృత్రిమ కన్నీటి సీసా మీద పేర్లు చదివితే అవీ చక్కెర గొలుసులే. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ మొక్కల నారలోంచి వస్తుంది. హయలురోనేట్ మన కీళ్లలోనూ ఉండే పదార్థం. హైడ్రాక్సీప్రొపైల్ గ్వార్ అని రాసి ఉంటే అది గోరుచిక్కుడు గింజల జిగురు, తెలంగాణలో గోకరకాయ అంటామే, దానిది. చింతగింజల్లోంచి తీసిన పిండిపదార్థంతో కూడా ఐరోపాలో చుక్కల మందు తయారు చేశారు. దాని నిర్మాణం మ్యూసిన్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి కంటిని బాగా అంటిపెట్టుకుంటుంది. ఇవన్నీ ఎంతో శుద్ధి చేసి, సూక్ష్మజీవులు లేకుండా చేసినవి. ఇంట్లో చింతపిక్కలు అరగదీసి కంట్లో పెట్టుకోమని దీని అర్థం కాదు. జపాన్‌లో ఇంకో అడుగు ముందుకు వేసి, బయటి నుంచి పూయడం కాకుండా కంటిచేతే మ్యూసిన్ ఊరించే మందులు తెచ్చారు. 2010లో డైక్వాఫోసాల్, 2012లో రెబామిపైడ్. రెండోది మొదట కడుపులో పుండుకు వాడిన మందు.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. చాలా కంటి చుక్కల్లో చెడిపోకుండా బెంజాల్‌కోనియం క్లోరైడ్ కలుపుతారు. సబ్బు స్వభావం ఉన్న ఆ పదార్థం ఎక్కువ కాలం, ఎక్కువసార్లు పడితే గోబ్లెట్ కణాలనూ ఈ చక్కెర పూతనూ దెబ్బతీస్తుంది. నీటికాసులకు ఏళ్ల తరబడి చుక్కలు వేసుకునేవారు, పొడికళ్లకు రోజుకు నాలుగు సార్లకు మించి వేసుకునేవారు అట్టపెట్టె మీద ఆ పేరు ఉందేమో చూసి, అది లేని రకం, ఒక్కసారి వాడి పారేసే చిన్న గొట్టాల్లో దొరికేది తమకు సరిపోతుందేమో డాక్టరుగారిని అడగండి. నీటికాసుల మందును మాత్రం ఆయనను అడగకుండా ఒక్క పూట కూడా ఆపకండి.